స్ట్రెచింగ్‌లో మోకాలు ఎలా పెట్టాలి? ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

మెట్లు ఎక్కేటప్పుడు ఏమీ ఉండేది కాదు, దిగేటప్పుడే ఎడమ మోకాలి లోపలి పక్కన కలుక్కుమనేది. మొదట చెప్పుల వల్లేమో అనుకున్నా, తర్వాత వయసు వల్లేమో అనుకున్నా, అప్పటికి నాకు ముప్పై ఎనిమిది. అసలు కారణం వేరే. అప్పటికి మూడు నెలలుగా వెళ్తున్న యోగా క్లాసులో పాదాలు రెండూ కలిపి సీతాకోకచిలుకలా కూర్చోబెట్టి, వెనక నుంచి వచ్చి మోకాళ్ళ మీద చేతులు వేసి నేలకి నొక్కేవాళ్ళు, నొప్పిగా ఉందండీ అంటే మొదట్లో అలాగే ఉంటుంది తట్టుకోండి అనేవాళ్ళు, నేను కూడా ఒళ్ళు సాగాలంటే ఇంతే కాబోలు అని పళ్ళ బిగువున కూర్చునేదాన్ని. ఒకరోజు లోపల టక్‌మంది. ఆ తర్వాత నాలుగు నెలలు ఫిజియోథెరపీకి తిరిగాను.

అక్కడ మొదటి రోజు అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ స్ట్రెచ్ చేసేటప్పుడు మీకు ఎక్కడ లాగుతోంది, వేలు పెట్టి చూపించండి అన్నారు. మోకాలి లోపలి పక్క చూపించాను. "అక్కడ సాగాల్సింది ఏమీ లేదమ్మా, మీరు సాగదీయాల్సింది తొడ లోపలి కండరం" అన్నారు. అంటే మూడు నెలలు కష్టపడింది పని జరగాల్సిన చోట కాదన్నమాట.

ఇది రాయడానికి కారణం, ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. కాలు చాపి వంగేటప్పుడు మోకాలు బిగించాలా, కొంచెం వంచాలా? నిలబడి చేయాలా, పడుకుని చేయాలా? వజ్రాసనం మంచిదా కాదా? పద్మాసనం వేయాలంటే ఏం చేయాలి? అందరికీ ఒకే జవాబు కుదరదు, ఒకే కండరానికి నాలుగైదు పద్ధతులు ఉంటాయి, వాటిల్లో మీ మోకాలికి ఏది సరిపోతుందో తేల్చుకోవాలి.

ముందు ఏం చూసి తేల్చుకోవాలి

మోకాలు తలుపు మడతబందు లాంటిది, వంగడం చాపడం దాని పని. తుంటి కీలు గిన్నెలో బంతి లాంటిది, అన్ని వైపులా తిరుగుతుంది. ఇది చేత్తో చూసుకోవచ్చు. కుర్చీలో కూర్చుని మోకాలు 90 డిగ్రీలు వంచి, మడమ నేల మీదే ఉంచి పాదాన్ని లోపలికీ బయటికీ తిప్పండి, మోకాలి కింద ఎముక మీద చెయ్యి వేస్తే అది కొద్దిగా తిరగడం తెలుస్తుంది. ఇప్పుడు కాలు పూర్తిగా చాపి అదే చేయండి, ఈసారి మోకాలి దగ్గర తిరుగుడు ఉండదు, మొత్తం కాలు తుంటి నుంచే తిరుగుతుంది. వంగిన మోకాలికి కొద్దిగా తిరిగే వీలుంది, చాపిన మోకాలికి ఆ కాస్తా లేదు. ఈ ఒక్కటి అర్థమైతే మిగతాదంతా దీన్నుంచే వస్తుంది, ఎందుకంటే తుంటి తిరగనని మొరాయించినప్పుడు మనం పాదాన్ని పట్టుకుని బలవంతంగా లాగితే ఆ తక్కువైన తిరుగుడంతా మోకాలి మీద పడుతుంది. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య మెత్తల్లాగా రెండు మెనిస్కస్‌లు ఉంటాయి, లోపలి పక్కది అక్కడి లిగమెంటుకి, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే గట్టి పట్టీకి, అతుక్కుని ఉంటుంది కాబట్టి అటూ ఇటూ జరిగి తప్పించుకోలేదు, నలిగేది ఎక్కువగా అదే.

కాబట్టి ఏ స్ట్రెచ్ అయినా నేను చూసేవి ఇవి.

లాగుడు ఎక్కడ తెలుస్తోంది? కండరం మధ్యలో తెలిస్తే సరే. మోకాలి వెనక గుంటలో గానీ, చిప్ప కింద గానీ, లోపలి పక్కన గానీ తెలిస్తే ఆ పద్ధతి ఈ రోజుకి మీది కాదు. ఎలాంటి లాగుడు అన్నది కూడా చూడాలి, హాయిగా గుంజుతున్నట్టు ఉంటే కండరం, పొడిచినట్టు ఉంటే కీలు, తిమ్మిరిగానో కరెంటు పాకినట్టో ఉంటే నరం.

చిప్ప ఎటు చూస్తోంది? మోకాలి చిప్పా, పాదం రెండో వేలూ ఒకే వైపు చూడాలి. చిప్ప ఒక దిక్కు, వేళ్ళు ఒక దిక్కు అయితే మధ్యలో మెలి పడుతున్నట్టే.

బరువు ఎవరు వేస్తున్నారు? మీ చేత్తో తాడు లాగుతుంటే ఇబ్బంది అనిపించిన క్షణంలో వదిలేయొచ్చు, మీ ఒంటి బరువంతా మోకాలి మీద ఉంటే అంత తొందరగా వదలలేరు, వేరేవాళ్ళు నొక్కుతుంటే అసలు వదలడం మీ చేతిలో ఉండదు. నా అనుభవంలో అన్నిటికంటే ప్రమాదం ఈ మూడోది.

మోకాలు ఎంత వంగాలి? మెట్లు ఎక్కడానికి అటూ ఇటూగా 90 డిగ్రీలు చాలు, మడమల మీద కూర్చోవాలంటే 150 దాకా వంగాలి. చాలామందికి మామూలుగా వంగేదే 135, 140. ఆ మిగతా పది పదిహేను డిగ్రీలు ఒంటి బరువుతో తెచ్చుకోవాలని చూడకండి.

తొడ వెనక కండరాలు: బిగించాలా, వంచాలా

హ్యామ్‌స్ట్రింగ్స్ కూర్చునే ఎముక దగ్గర మొదలై మోకాలు దాటి కిందికి వెళ్ళి అతుక్కుంటాయి. రెండు కీళ్ళు దాటుతాయి కాబట్టి రెండు చివర్ల నుంచీ సాగదీయొచ్చు, మోకాలు చాపి అయినా, తుంటి దగ్గర వంగి అయినా. అందరం చేసే పొరపాటు ఏంటంటే మోకాలు గట్టిగా వెనక్కి నెట్టేసి ఇక నడుముని గుండ్రంగా వంచి ఎలాగోలా వేళ్ళు పట్టుకోవడం. అప్పుడు తుంటి దగ్గర వంగింది తక్కువ, లాగుడంతా మోకాలి వెనక గుంటలోనూ నడుములోనూ తెలుస్తుంది, కండరం మధ్యలో మాత్రం పెద్దగా ఏమీ ఉండదు.

మోకాలు ఒక పది పదిహేను డిగ్రీలు వంచి, పొట్టని తొడల మీదికి తీసుకెళ్ళి చూడండి, లాగుడు ఒక్కసారిగా మోకాలి వెనక నుంచి తొడ మధ్యకి జరుగుతుంది. నాకు మొదటిసారి అలా జరిగినప్పుడు ఇన్నాళ్ళూ ఈ కండరం ఇక్కడ ఉందనే తెలియలేదే అనిపించింది. మోకాలు వంచితే మోసం చేసినట్టు కాదు, వంచి మొదలుపెట్టి, తుంటి దగ్గర వంపు పోకుండా వారాల మీద నెమ్మదిగా చాపుకుంటూ వెళ్ళాలి.

మరి నిటారుగా పెట్టడం తప్పా అంటే కాదు, నిటారుగా పెట్టడం వేరు, వెనక్కి నెట్టడం వేరు. తొడ ముందు కండరం బిగించి చిప్పని పైకి లాగితే మోకాలు నిటారుగా ఉంటుంది, కండరమే పట్టుకుని ఉంటుంది. ఆ కండరం వదిలేసి మోకాలిని వెనక్కి వాల్చేస్తే పట్టుకునేది వెనకున్న లిగమెంట్లూ కీలు పొరా మాత్రమే. తేడా కనిపెట్టడం తేలిక. నేల మీద కాళ్ళు చాపి కూర్చున్నప్పుడు మోకాలు నేలకి నొక్కితే మడమ గాల్లోకి లేస్తోందా? లేస్తే మీ మోకాలు నిటారు దాటి వెనక్కి వెళ్తోంది. అలాంటివాళ్ళు మడమ నేలకి ఆనేంత వరకు మోకాలు సడలించాలి, లేదంటే మోకాలి కింద చేతి రుమాలు మడిచి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక పద్ధతుల్లోకి వస్తే, నిలబడి వంగడం, అంటే పాదహస్తాసనం, అన్నిటికంటే ఎక్కువమంది చేసేది, జాగా అక్కర్లేదు, చాప అక్కర్లేదు. ఇబ్బంది ఏంటంటే ఒంటి బరువు కిందికి లాగుతూ ఉంటుంది, బరువు మడమల మీదికి వెళ్ళిపోయి మోకాళ్ళు వెనక్కి జారతాయి. పక్క నుంచి ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి, మోకాలు చీలమండ కంటే వెనక్కి వంగి కాలు విల్లులా కనిపిస్తే బరువు పాదం ముందు భాగం మీదికి తెచ్చుకుని మోకాలు వదులు చేయాలి. చేతులు నేలకి అందకపోతే పీట మీదో కుర్చీ మీదో పెట్టుకోండి, నేల అందుకోవడం ఇక్కడ లక్ష్యమే కాదు. నడుం నొప్పి, బీపీ, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళకి ఇది మొదటి ఎంపిక కాదు.

కూర్చుని వంగడం, పశ్చిమోత్తానాసనం, మోకాలికి కొంచెం నయం, కానీ హ్యామ్‌స్ట్రింగ్స్ బిగుసుకుపోయిన వాళ్ళకి నడుం మీద బరువు. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళు నేల మీద కాళ్ళు చాపగానే నడుం వెనక్కి పడిపోతుంది చూడండి, వాళ్ళు పిరుదుల కింద గట్టి దిండు పెట్టుకోకుండా ఇది చేయకూడదని నా అభిప్రాయం.

పడుకుని చున్నీతో చేసేది నాకు అన్నిటికంటే ఇష్టం. వెల్లకిలా పడుకుని ఒక కాలు పైకెత్తి పాదానికి చున్నీ వేసి రెండు చేతులతో పట్టుకోవడం, రెండో కాలు మోకాలు వంచి పాదం నేల మీద పెట్టడం. నడుం నేలకి ఆని ఉంటుంది, మోకాలి మీద బరువే ఉండదు, ఎంత లాగాలో మీ చేతిలోనే ఉంటుంది, చున్నీ వదిలితే అయిపోయింది. మోకాలు వంచే మొదలుపెట్టి, తొడ కదలకుండా మోకాలొక్కటే చాపుకుంటూ వెళ్ళండి. చున్నీ వేళ్ళ దగ్గర వేసి పాదాన్ని మీ వైపుకి గుంజితే పిక్కా, కాలి నరమూ కూడా లాగుతాయి, మోకాలి వెనక జివ్వుమన్నా అరికాలు తిమ్మిరెక్కినా చున్నీని మడమ వైపుకి జరిపి పాదం వదులు చేయండి. ఆ జివ్వుమనడాన్ని కండరం సాగుతోంది అనుకుని పట్టుకుని ఉండేవాళ్ళు చాలామంది ఉన్నారు, నరాన్ని అలా పట్టి లాగకూడదు.

కాలు ఎత్తు మీద పెట్టి చేసేది, పార్కులో బెంచీ మీద మడమ పెట్టి వంగుతారు కదా, దాంట్లో ఒక లోపం ఉంది. మడమ ఒక చివర, తుంటి ఒక చివర, మధ్యలో మోకాలి కింద ఏమీ లేదు, పైనుంచి మనం రెండు చేతులూ మోకాలి మీదే పెట్టి నొక్కుతాం. చేతులు తొడ మీద పెట్టండి, ఎత్తు తగ్గించండి, నేల మీదున్న కాలి పాదం ముందుకే చూసేలా పెట్టండి, అది పక్కకి తిరిగి ఉంటే ఆ మోకాలు మెలి పడుతుంది. రన్నింగ్ చేసేవాళ్ళకి బాగుంటుంది, కొత్తవాళ్ళకి నేను చెప్పను.

స్కూల్లో పీటీ మాస్టార్లు ఒకప్పుడు చేయించేది ఇంకోటుంది, ఒక కాలు ముందుకి చాపి రెండోది పక్క నుంచి వెనక్కి మడిచి కూర్చుని వంగడం. ఆ మడిచిన మోకాలి లోపలి లిగమెంటు మీద బాగా ఒత్తిడి పడుతుంది. అదే పని మడిచిన పాదాన్ని రెండో తొడ లోపలి వైపుకి ఆనించి చేస్తే చాలు, పాతది మళ్ళీ పిల్లలతో చేయించకండి.

తొడ ముందు కండరాలు: వజ్రాసనం దగ్గరే అసలు పేచీ

నిలబడి మడమ పట్టుకుని పిరుదు దగ్గరికి లాగేది అందరికీ తెలిసిందే. పాదం వేళ్ళు కాకుండా చీలమండ పట్టుకోవాలి, మోకాలు పక్కకి తెరుచుకోకుండా నేలవైపే చూడాలి, గోడ పట్టుకోవాలి. మడమ పిరుదుకి తగలాలనే పట్టుదల వద్దు. మడమ కొంచెం దూరంగానే ఉంచి, తోక ఎముకని కిందికి లోపలికి తిప్పి మోకాలిని ఒక అంగుళం వెనక్కి తీసుకెళ్ళండి, మోకాలు తక్కువ వంగి కూడా తొడ ముందు భాగం బాగా లాగుతుంది, ఎందుకంటే అక్కడి పెద్ద కండరాల్లో ఒకటి తుంటి కూడా దాటి వెళ్తుంది. మోకాలు సరిగ్గా వంగనివాళ్ళు పాదం పట్టుకునే బదులు వెనక ఉన్న కుర్చీ మీద పెట్టుకోవచ్చు, లేదా పక్కకి పడుకుని చీలమండకి చున్నీ వేసి చేసుకోవచ్చు.

ఒక మోకాలు నేల మీద పెట్టి ముందుకి జరిగే ఆంజనేయాసనం లాంటిది తుంటి ముందు భాగానికి చాలా మంచిది, మోకాలిని ఎక్కువ వంచక్కర్లేదు. కాకపోతే బరువు సూటిగా చిప్ప మీద పడితే నొప్పి. మందపాటి టవల్ నాలుగు మడతలు వేసి, బరువు చిప్ప మీద కాకుండా చిప్పకి కొంచెం పైన తొడ చివర మీద పడేలా ముందుకి జరగండి.

ఇక వజ్రాసనం. మన ఇళ్ళల్లో అన్నం తినగానే పది నిమిషాలు కూర్చోమంటారు, నమాజు చేసేవాళ్ళు రోజూ ఇంచుమించు ఇలాగే కూర్చుంటారు, చిన్నప్పటి నుంచి నేల మీద కూర్చున్న మోకాళ్ళకి ఇది అలవాటే, భయపడాల్సిన పని లేదు. ఇరవై ఏళ్ళుగా కుర్చీ, కమోడ్ తప్ప వేరే ఎరగని మోకాలిని ఒక్కరోజులో 150 డిగ్రీలు మడవడమే తప్పు. మడమలకీ పిరుదులకీ మధ్య దిండు పెట్టుకుంటే ఆ వంపు తగ్గుతుంది, ఒకటి చాలకపోతే రెండు పెట్టుకోండి, నెల తర్వాత ఒకటి తీసేయండి. పాదాలు సూటిగా వెనక్కి ఉండాలి. మడమలు పక్కలకి తెరిచి మధ్యలో నేల మీద కూర్చోవడం, ఇంకా దాన్నుంచి వెనక్కి పడుకోవడం, అవి వేరే లెక్క, వంపూ మెలీ రెండూ కలుస్తాయి, మోకాలికి ఏ కాస్త ఇబ్బంది ఉన్నా వద్దు. కాలు మొద్దుబారుతుంటే వెంటనే లేవండి, మోకాలి బయటి పక్కన ఎముక తల చుట్టూ తిరిగే నరం ఒకటుంది, గంటలకొద్దీ నొక్కుకుపోతే పాదం పైకి ఎత్తే బలం కూడా పోవచ్చు.

2025 జూన్ 21న విశాఖ బీచ్ రోడ్డు మీద పెద్ద ఎత్తున యోగా దినోత్సవం జరిగింది కదా, మా పిన్ని కూడా వెళ్ళింది. ఆ రోజు చేయించే కామన్ యోగా ప్రోటోకాల్‌లో పాదహస్తాసనం, భద్రాసనం (మొదట్లో చెప్పిన సీతాకోకచిలుక), వజ్రాసనం మూడూ ఉంటాయి. ఏడాదంతా చేయకుండా ఆ ఒక్క ఉదయం అందరితో పాటు చేసేసి వారం రోజులు మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. అలాంటి చోట పక్కవాళ్ళని చూసి చేయకండి, దిండు లేకపోతే కాళ్ళు చాపుకుని కూర్చోండి, ఎవరూ ఏమనుకోరు.

తుంటి తెరుచుకునేవి: మోకాళ్ళు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే

పద్మాసనం, భద్రాసనం, కపోతాసనం వీటన్నిటిలో తొడ ఎముక తుంటి గిన్నెలో బయటికి తిరగాలి. మామూలుగా చాలామందికి అది 45 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతుంది. పద్మాసనానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. తుంటి గిన్నె లోతు, తొడ ఎముక మెడ తిరిగిన కోణం మనిషి మనిషికీ వేరు, కొంతమందికి ఎన్నేళ్ళు చేసినా ఎముకకి ఎముక తగిలి ఆగిపోతుంది, అది వాళ్ళ ప్రయత్నలోపం కాదు. ఆగిపోయినచోట పాదాన్ని ఇంకో రెండంగుళాలు పైకి గుంజితే మోకాలి బయటి పక్క తెరుచుకుని లోపలి పక్క నలుగుతుంది. నాకు జరిగింది కొంచెం వేరే భంగిమలో, కానీ కథ ఇదే.

వీటిల్లో మోకాలికి అన్నిటికంటే భద్రమైనది పడుకుని చేసే నాలుగు అంకె. వెల్లకిలా పడుకుని, కుడి చీలమండని ఎడమ తొడ మీద పెట్టి, ఎడమ తొడ వెనక చేతులు వేసి ఛాతీ వైపు తెచ్చుకోవడం. ఇంగ్లీషు నాలుగు అంకెలా కనిపిస్తుంది. కుడి మోకాలి మీద బరువేమీ లేదు, కుడి పాదాన్ని చీలమండ దగ్గర మీ వైపుకి మడిచి పెడితే మోకాలు చుట్టూ కండరాలు బిగిసి మెలి పడకుండా కాపాడతాయి. లాగుడు పిరుదులో తెలియాలి. ఇది చేతగానివాళ్ళు కుర్చీలో కూర్చుని అదే చేయొచ్చు, ఆఫీసులో కూడా.

సీతాకోకచిలుక, అంటే భద్రాసనం, దిండు మీద కూర్చుని మడమలు ఒంటికి ఒక జానెడు దూరంలో పెట్టుకుంటే మోకాలికి చాలా సుఖం. మోకాళ్ళు గాల్లో ఉంటే ఉండనివ్వండి, కింద రెండు దిళ్ళు ఆసరా పెట్టండి. ఆసరా దొరికాక తొడ లోపలి కండరం బిగుసుకోవడం మానేసి తనంతట తనే వదులవుతుంది. నొక్కడం వద్దు, ఊపడం వద్దు, వేరేవాళ్ళ చేతులు అసలే వద్దు, ఎవరైనా వస్తే నోరు తెరిచి వద్దండి అని చెప్పండి. నేను ఆ ఒక్క మాట చెప్పలేక నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

కపోతాసనం అని ఇక్కడ నేనంటున్నది ఒక కాలు ముందు మడిచి రెండోది వెనక్కి చాపి కూర్చునేది, దాంట్లో ముందు కాలి మీద ఒంటి బరువు పడుతుంది. మడమని గజ్జల దగ్గరికి తెచ్చుకుంటే తుంటి తక్కువ తిరిగినా సరిపోతుంది, పిక్కని చాప అంచుకి సమాంతరంగా పెట్టాలనుకుంటే బాగా తిరిగే తుంటి కావాలి. పిరుదు గాల్లో వేలాడకుండా కింద దుప్పటి మడత పెట్టాలి. పడుకుని చేసే నాలుగు అంకెలో పిక్క ఛాతీకి దగ్గరగా వచ్చేదాకా దీని జోలికి వెళ్ళకపోవడం మంచిది.

పద్మాసనం వేయగలిగేవాళ్ళు కూడా కాలు ఎలా వేస్తున్నారో చూసుకోండి. ముందు మోకాలు పూర్తిగా మడవాలి, మడమ గజ్జల దగ్గరికి రావాలి, ఆ మడత తెరుచుకోకుండా తొడని తుంటి నుంచి బయటికి తిప్పుతూ పాదాన్ని రెండు చేతులతో కింద నుంచి ఎత్తి పెట్టాలి. పాదం వేళ్ళు పట్టుకుని గుంజి పెట్టకూడదు. చీలమండ వంకరపోకూడదు. మోకాలు నేలకి ఆనకపోతే కింద దిండు. ఇది కుదరనివాళ్ళు సుఖాసనంలో, మనం అన్నం తినేటప్పుడు వేసుకునే మఠంలోనే, దిండు మీద కూర్చుంటే ధ్యానానికి ఏ లోటూ లేదు.

కూచిపూడి నేర్చుకునే పిల్లల తల్లులకి ఒక్క మాట, మా అమ్మాయి కూడా నేర్చుకుంటోంది కాబట్టి చెప్తున్నా. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలో, మోకాళ్ళు పాదం వేళ్ళ వైపే వెళ్ళాలి. తుంటి అంత తిరగకుండానే పాదాలు మాత్రం నేల మీద బాగా తెరిచి పెట్టి కూర్చుంటే మోకాళ్ళు ముందుకి పడతాయి, ఎదురుగా నిలబడి చూస్తే చిప్పలు బొటనవేళ్ళకి లోపలగా కనిపిస్తాయి. పాదాల కోణం తగ్గించి, ఇంట్లో పడుకుని నాలుగు అంకె చేయిస్తే నెమ్మదిగా వస్తుంది. పది పదిహేనేళ్ళ మధ్య పొడవు పెరిగేటప్పుడు చిప్ప కింద ఎముక గడ్డలా లేచి నొప్పి అంటే తొడ ముందు కండరాన్ని గట్టిగా సాగదీయించకుండా ముందు డాక్టరుకి చూపించండి.

పిక్కల గురించి పెద్దగా చెప్పేది లేదు, గోడకి చేతులు ఆనించి చేసేదే సరిపోతుంది. వెనక మోకాలు చాపితే పై కండరం, కొంచెం వంచితే లోపలిది సాగుతుంది, రెండూ చేయండి, వెనక పాదం సూటిగా ముందుకి ఉండాలి.

| పద్ధతి | మోకాలు ఎలా ఉండాలి | మోకాలి మీద బరువు | ఎవరికి బాగుంటుంది | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| నిలబడి వంగడం | కొంచెం వదులుగా | ఎక్కువ, వెనక్కి నెట్టుకుపోతుంది | అలవాటున్నవాళ్ళు | నడుం నొప్పి, కళ్ళు తిరగడం |
| కూర్చుని వంగడం | మడమ నేలకి ఆనేలా | తక్కువ | దిండు మీద కూర్చోగలిగేవాళ్ళు | నడుం బాగా బిగుసుకున్నవాళ్ళు |
| పడుకుని చున్నీతో | వంచి మొదలుపెట్టి చాపాలి | లేదు | దాదాపు అందరికీ | తిమ్మిరి పాకేవాళ్ళు ఆగాలి |
| నిలబడి మడమ పట్టుకోవడం | నేలవైపు | మధ్యస్థం | జిమ్, నడక | చిప్ప నొప్పి ఎక్కువున్నవాళ్ళు |
| వజ్రాసనం | పూర్తిగా మడత, దిండుతో తక్కువ | ఎక్కువ | నేల అలవాటున్నవాళ్ళు | కీలు మార్పిడి, వాపు |
| పడుకుని నాలుగు అంకె | వంచి, పాదం బిగించి | లేదు | దాదాపు అందరికీ | తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు అడిగి చేయాలి |
| భద్రాసనం | దిళ్ళ ఆసరాతో | తక్కువ, ఎవరూ నొక్కకపోతే | తొడ లోపల బిగుసుకున్నవాళ్ళు | లోపలి పక్క నొప్పి |
| కపోతాసనం, పద్మాసనం | మడత తెరుచుకోకుండా | ఎక్కువ | తుంటి బాగా తిరిగేవాళ్ళు | మెనిస్కస్ దెబ్బ తగిలినవాళ్ళు |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళయితే పడుకుని చున్నీతో చేసేదీ, ఒక మోకాలు నేల మీద పెట్టి చేసేదీ, పడుకుని నాలుగు అంకె, ఈ మూడు చాలు. ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. ఆరు వారాల తర్వాత కూర్చుని వంగేదానికి వెళ్ళొచ్చు.

పుట్టుకతోనే ఒళ్ళు బాగా వంగేవాళ్ళు వేరే రకం, అందరూ మెచ్చుకునేది వాళ్ళనే, ఎక్కువ జాగ్రత్త కావాల్సిందీ వాళ్ళకే. డాక్టర్లు వాడే బైటన్ స్కోర్ అని ఒకటుంది, మొత్తం 9 పాయింట్లు, మోకాలు 10 డిగ్రీలు దాటి వెనక్కి వంగితే ఒక్కో కాలికి ఒకటి, మోకాళ్ళు వంచకుండా అరచేతులు రెండూ నేలకి ఆనితే ఇంకొకటి, మిగతావి మోచేతులు, బొటనవేళ్ళు, చిటికెన వేళ్ళు. అలాంటివాళ్ళకి ఎంత వంగినా కండరంలో లాగుడే తెలియదు, కీలు చివరిదాకా వెళ్ళి అక్కడ వేలాడతారు. వాళ్ళు చివరికి రెండు మూడు అంగుళాల ముందే ఆగి, తొడ కండరం బిగించి పట్టుకుని ఉండాలి. నిజానికి వాళ్ళకి స్ట్రెచింగ్ కంటే బలం పెంచే వ్యాయామాలే ఎక్కువ అవసరం. గర్భంతో ఉన్నప్పుడు కూడా లిగమెంట్లు వదులవుతాయి కాబట్టి ఇదే లెక్క.

అరవై దాటినవాళ్ళకి, మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళకి కుర్చీ అంచున కూర్చుని ఒక కాలు ముందుకి చాపి మడమ నేల మీద పెట్టి, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగడం బాగుంటుంది. మా అమ్మ టీవీ చూస్తూ ఇదే చేస్తుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ళకి మామూలుగా 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది, మడమల మీద కూర్చోవడం, పద్మాసనం వాళ్ళవి కావు, ఏది ఎంత వరకు అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరునే అడగాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు లాగుడుని నమ్ముకుని చేయకూడదు, తెలియకుండానే హద్దు దాటేస్తారు, వాళ్ళు అద్దం ముందు చిప్ప ఎటు చూస్తోందో చూసుకుంటూ చేయాలి.

ఎంతసేపు అంటే, అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పెద్దవాళ్ళకి ఒక్కోసారి 10 నుంచి 30 సెకన్లు, వయసు పైబడినవాళ్ళకి 30 నుంచి 60 సెకన్లు పట్టుకోమంటుంది, ఒక్కో కండరానికి మొత్తం కలిపి 60 సెకన్లు, వారానికి కనీసం రెండు మూడు రోజులు. దానికి ముందు ఐదు నిమిషాలు నడిచి ఒళ్ళు వేడెక్కించుకోండి, నిద్ర లేవగానే చల్లటి ఒంటితో చేయకండి. పరుగు పోటీకో ఆటకో ముందయితే ఒక్కో కండరాన్ని నిమిషం పైన పట్టుకుని సాగదీయకండి, కాసేపు బలం తగ్గుతుంది, అప్పుడు కాళ్ళు ఊపడం లాంటివి చేసుకుని ఇవి ఆట అయ్యాక చేసుకోవాలి.

చేసిన మర్నాడు తొడలో కొంచెం సలపరం ఉంటే ఫర్వాలేదు. మోకాలిలోనే నొప్పి ఉండి, అది రాత్రికి కూడా తగ్గకపోతే ఆ పద్ధతి రెండు వారాలు ఆపి పడుకుని చేసేవాటికి మారండి. మోకాలు వాచినా, సగంలో ఇరుక్కుని చాపడం రాకపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా జారినట్టు అయినా, ఎర్రబడి జ్వరం వచ్చినా ఏ స్ట్రెచ్ చేయాలా అని వెతకడం ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఏ భంగిమలో, ఏ పక్కన, ఎప్పుడు నొప్పి మొదలైందో వేలు పెట్టి చూపించండి. నేను ఆ వివరం మొదటి రోజే చెప్పాను కాబట్టి నాకు తొందరగా తెలిసింది. ఇప్పుడు నేను భద్రాసనం రోజూ వేస్తాను, దిండు మీద కూర్చుని, రెండు మోకాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టుకుని. ఎడమ మోకాలు నేలకి ఇంకా నాలుగు వేళ్ళ ఎత్తులోనే ఉంటుంది. మెట్లు మాత్రం నొప్పి లేకుండా దిగుతున్నాను.